విమానపరిచారికల యాజ్ఞలు, వాని కారణములు

విమానప్రయాణము చేసి వచ్చినవారు తమవారితో ముచ్చటించునపుడు పరిచారికలను గూర్చిన ప్రస్తావము రాక మానదు. వారి వస్త్రధారణము, చిఱునవ్వు, వారు పంచిన కాఫీ, ఫలహారములు మొదట వర్ణింపబడును. పిమ్మట సణుగుడు ప్రారంభమగును. "కిటికీతెర పైకెత్తుమనిరి; ఒడిలో నున్న చేసంచిని తీసికొని తలమీది అఱలో పెట్టిరి; మరుగుదొడ్డికి పోవలెనన్నను కూర్చుండుమనిరి. సొమ్మిచ్చి టిక్కెట్టు కొన్న మాకు ఇంతమాత్రపు స్వతంత్రము లేదా?" అని యడుగుదురు.

ఈ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. ఒక చేత మంచినీళ్లిచ్చుచు, నోట ఆజ్ఞలిచ్చు ఉద్యోగము లోకములో అరుదు. హోటలులో వడ్డించువాడు మనలను లేవవద్దని శాసింపడు. పోలీసు జవాను మనకు కాఫీ తెచ్చి యియ్యడు. ఈ రెండు పనులును ఒక్కరి భుజములపై నెట్లు పడినవో, ఆ యాజ్ఞలకు కారణములేమో, వానికి హద్దులు కలవో లేవో తెలిసికొన్నచో ఆ సణుగుడు కొంత తగ్గునని తలచి యీ వ్యాసము వ్రాయబడుచున్నది. మన విద్యార్థులలో ననేకులు నేడో రేపో విమాన మెక్కబోవువారే.

ఈ వృత్తి పుట్టిననాటినుండియు రక్షణకార్యముతో ముడిపడియే యున్నది. 1912వ సంవత్సరమున జర్మనుదేశములో హైన్రిచ్ కూబిస్ అను నతడు జెప్పెలిన్ అను గాలియోడలో ప్రయాణికులకు పరిచారకుడుగా నియమింపబడెను. ఈ వృత్తికి ఇతడే ప్రథముడని చెప్పుదురు. 1937 మే 6వ తేదీన హిండెన్‌బర్గ్ అను పెద్ద గాలియోడ అమెరికాలోని లేక్‌హర్స్టునందు దిగబోవుచు మంటలలో చిక్కుకొన్నపుడు దానిలో ప్రధానపరిచారకుడు ఇతడే. ఓడ నేలకు దగ్గఱపడినంతనే కిటికీలనుండి దుముకుడని తన చుట్టునున్నవారిని తొందరపెట్టి, తానును దుమికి బ్రదికెను.

స్త్రీలలో మొదటిది ఎలెన్ చర్చి అను అమెరికా దేశస్థురాలు. ఈమె నర్సు, విమానము నడపుటయు నేర్చినది. చోదకురాలిగా పని యిచ్చువారు లేకపోగా, ప్రయాణికుల భయము పోగొట్టుటకు విమానములో నర్సు లుండుట మేలని ఒక సంస్థవారి నొప్పించి, 1930 మే 15వ తేదీన కాలిఫోర్నియాలోని ఓక్లండునుండి షికాగోకు పోవు విమానములో మొదటిసారి పనిచేసెను. ఆమెతోపాటు నియమింపబడిన యేడుగురును నర్సులే. మన మిషను ఆసుపత్రులలో నర్సులను చూచినవారికి వారి ధోరణి తెలియును. వారు రోగికి గంజి త్రాగించుదురు, దుప్పటి కప్పుదురు. మంచము దిగవద్దన్నపుడు మాత్రము వారి కంఠము వేఱుగా నుండును. విమానపరిచారిక మాటలో నేటికిని ఆ కంఠము వినబడుచునే యున్నది.

ఇక అధికారము సంగతి. 1963 సెప్టెంబరు 14వ తేదీన జపాను రాజధానియగు టోకియోలో ననేక దేశములవారు కూడి ఒక ఒడంబడిక చేసికొనిరి. భారతదేశము దాని ననుసరించి 1975లో ఒక చట్టము చేసినది. ఆ యొడంబడిక ప్రకారము, ప్రయాణికు లెక్కిన పిమ్మట బయటి తలుపులన్నియు మూయబడిన క్షణమునుండి, దిగుటకై వానిలో నొకటి తెఱవబడువఱకు, విమానములోని క్రమమును రక్షణయు విమాననాయకుని చేతిలో నుండును. ముప్పదియైదువేల అడుగుల యెత్తున పోలీసు ఠాణా లేదు, మేజిస్ట్రేటు కచేరీయు లేదు గదా! విమానమునకు గాని, అందలి జనులకు గాని అపాయము కలిగించు వానిని నాయకుడు బంధింపవచ్చును, మధ్యమార్గమున దింపివేయవచ్చును, దిగినచోట అధికారుల కప్పగింపవచ్చును.

అయితే నాయకుడు ముందుగదిలో తలుపు బిగించుకొని విమానము నడపుచుండును. వెనుక నేమి జరుగుచున్నదో ఆయనకు కనబడదు. కావున ఆయన కన్నులును చేతులును పరిచారికలే. ఈ యొడంబడికలో చక్కని సూక్ష్మ మొకటి కలదు. ఆపద కలిగించువానిని పట్టుటకు సిబ్బందిని నాయకుడు ఆజ్ఞాపింపవచ్చును; ప్రయాణికులను మాత్రము సహాయము కోరవలెనే గాని నిర్బంధింపరాదు. అపాయము ముంచుకొనివచ్చి క్షణమైన ఆగరానపుడు, పరిచారికయైనను ప్రయాణికుడైనను ఎవరి యనుమతికిని ఎదురుచూడక తగుమాత్రపు చర్య తీసికొనవచ్చును. ఈ చివరి మాట కాగితముపైనే నిలిచిపోలేదు. అది యక్కఱకు వచ్చిన సందర్భములను ముందు చెప్పుదును.

పరిచారికల ఆజ్ఞలలో పెక్కులు అగ్నిభయమునుండి పుట్టినవి. క్రొత్తరకపు పెద్దవిమానమును ప్రయాణికుల కొఱకు విడుదల చేయుటకు పూర్వ మొక పరీక్ష చేయుదురు. చీకటిలో, ఉన్న ద్వారములలో సగము మాత్రమే ఉపయోగించి, లోపల నిండుగా కూర్చున్నవారందఱును 90 సెకనులలో బయటపడవలెను. 2006లో జర్మనీయందలి హాంబర్గులో ఎయిర్‌బస్ 380 అను రెండంతస్తుల విమానమును ఇట్లు పరీక్షింపగా 873మంది 78 సెకనులలో దిగిరి. వినుటకు నమ్మశక్యము కాదు. కాని వారు ప్రాణభయము లేనివారు. అది పరీక్ష యని యెఱిగినవారు. నిజమైన మంటలో నేమగునో మాంచెస్టరు చూపెను.

1985 ఆగస్టు 22వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరునుండి గ్రీసుదేశపు కోర్ఫూ ద్వీపమునకు పోవలసిన విమానము నేలమీద పరుగెత్తుచుండగానే ఎడమవైపు ఇంజను పగిలి మంట లేచెను. చోదకులు విమానమును ఆపివేసిరి. అది గాలిలోనికి లేవనేలేదు. అగ్నిమాపకదళము ఆ విమానాశ్రయమునందే యున్నది. అయినను అందలి 137మందిలో 55మంది మరణించిరి. వారిలో నెక్కువమందిని చంపినది మంట కాదు, పొగ. ద్వారములయొద్ద త్రోవ యిఱుకై, జనులు ఒకరిపై నొకరు పడి దారి మూసికొనిపోయెను. మృతులలో ఇద్దఱు పరిచారికలు. ఆ దుర్ఘటన పిమ్మట విమానములలో ననేకమైన మార్పులు వచ్చెను. పొగలో పైకప్పు దీపములు కనబడవు గనుక నడవ వెంట నేలను దీపములు పెట్టుట, త్వరగా అంటుకొనని గుడ్డతో ఆసనములను కప్పుట, ద్వారములయొద్ద ఎడము విడుచుట మొదలైనవి అట్టివి.

ఇప్పుడు మన సణుగుడునకు వత్తము. ముందున్న బల్ల మడువుమనుట, వీపుపలకను నిలువుగా పెట్టుమనుట మన వెనుకనున్న వానికి లేచి పోవు త్రోవ యుండుటకు. కాళ్లయొద్ద సంచి యుండరాదనుట పొగలో నేల తడుముకొనుచు ప్రాకువారికి అది అడ్డు గనుక. విమానము లేచునపుడును దిగునపుడును కిటికీతెర లెత్తించుటకు రెండు హేతువులు. వెలుపల మంట యే ప్రక్కనున్నదో పరిచారిక లోపలినుండి చూడవలెను. మఱియు మన కన్నులు బయటి వెలుతురునకో చీకటికో ముందుగనే అలవాటు పడవలెను. రాత్రివేళ లోపలి దీపములు తగ్గించుటయు నందులకే. దీపములు తగ్గించినపుడు పైసలు మిగుల్చుకొనుటకని కొందఱు నవ్వుదురు. ఆ నవ్వునకు కారణము తెలియకపోవుటయే గాని వేఱు కాదు. చెప్పువారు చెప్పకపోవుటయు కొంత కారణమే.

ఆజ్ఞ విన్నందువలన కలుగు ఫలమును చూడగోరువారు 2024 జనవరి 2వ తేదీ సాయంకాలము టోకియోలోని హనేడా విమానాశ్రయమున జరిగినదానిని తెలిసికొనవలెను. జపాన్ ఎయిర్‌లైన్స్ వారి 516వ నంబరు విమానము నేలకు దిగుచు, దారిపై నిలిచియున్న తీరరక్షకదళమువారి చిన్నవిమానమును ఢీకొనెను. ఆ చిన్నవిమానములోని ఆఱుగురిలో ఐదుగురు చనిపోయిరి. పెద్దవిమానములో 367మంది ప్రయాణికులును, 12మంది సిబ్బందియు నుండిరి. అది మంటలతో చాల దూరము జాఱి నిలిచెను. లోపల పొగ క్రమ్మెను. అందఱికిని మాట వినిపించు యంత్రము చెడిపోయెను. పరిచారికలు చేతిలో పట్టుకొను మెగాఫోనులతోను, అవి చాలనిచోట వట్టి గొంతుకలతోను అఱచి చెప్పిరి. ఎనిమిది ద్వారములుండగా, మంట లేని మూడింటిని మాత్రమే నిర్ణయించి తెఱచిరి. మిగిలిన ద్వారములలో దేనినైనను తొందరపడి ఒక ప్రయాణికుడు తెఱచియుండినచో మంట లోపలికి వచ్చియుండెడిది. సామానులు తీయవద్దు, ఉన్నచోటనే యుండుడు, ఇప్పుడు రండు అని వారు చెప్పినట్లెల్ల జనులు చేసిరి. బట్టలు, ధనము, కానుకలు, కాగితములు అన్నియు తలమీది అఱలలో విడిచి, జాఱుడుబల్లపై జాఱిరి. పదునెనిమిది నిమిషములలో 379మందియు సజీవులై నేలపై నుండిరి. నాయకుడు అందఱికంటె వెనుక దిగెను. పిమ్మట విమానము అస్థిపంజరమాత్రముగా కాలిపోయెను.

ఒక్కొక్కడు తన సంచికై పది సెకనులు ఆగినచో వెనుకనున్నవా రెంతమంది యాగవలసి వచ్చునో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును.

మరుగుదొడ్డిలో పొగ త్రాగరాదను నియమము వెనుకను సమాధు లున్నవి. 1973 జూలై 11వ తేదీన బ్రెజిలు దేశమునుండి పారిసునకు వచ్చుచున్న వారిగ్ అను సంస్థవారి విమానములో వెనుకటి మరుగుదొడ్డియందు మంట పుట్టి, లోపలనంతయు విషపుపొగ నిండెను. చోదకులు ఓర్లీ విమానాశ్రయము చేరక మునుపే పొలములలో దింపిరి. 123మంది చనిపోయిరి. చెత్తబుట్టలో నెవరో పడవేసిన సిగరెట్టు దీనికి కారణమై యుండవచ్చునని తలంచిరి. నాటినుండి మరుగుదొడ్డిలో పొగత్రాగుట నిషేధింపబడి, చెత్తబుట్టలకు రక్షణలు కల్పింపబడెను. ఇందొక వింత కలదు. పొగత్రాగుట నిషిద్ధమైన నేటి విమానములందును మరుగుదొడ్డి తలుపునొద్ద బూడిదగిన్నె యుండును. నియమము మీఱువాడు ఎప్పుడును ఒకడుండును. వాడు దొరికిపోవుదునను భయముతో సిగరెట్టును కాగితముల బుట్టలో వేయకుండ, ఈ గిన్నెలో వేయవలెనని దాని యుద్దేశము. మనుష్యస్వభావము నెఱిగినవారు చేసిన యేర్పాటు!

సిగరెట్టు స్థానమును నేడు సెల్‌ఫోనును, దానికి విద్యుత్తు నింపు పవర్ బ్యాంకును ఆక్రమించినవి. వానిలోని లిథియము బ్యాటరీ నలిగినను చెడినను తనంతట తానే వేడెక్కి మండును. ఒకసారి యారినట్లు కనబడి మరల అంటుకొనును. 2025 జనవరి 28వ తేదీన దక్షిణకొరియాలోని గిమ్హే విమానాశ్రయమున బయలుదేఱనున్న ఒక విమానము తలమీది అఱలోనుండి లేచిన మంటతో కాలిపోయెను. పవర్ బ్యాంకే కారణమై యుండవచ్చునని విచారణ చేసినవారు చెప్పిరి. అందఱు దిగి బ్రదికిరి. అది నేలపై నున్నది గనుక సరిపోయెను. ఆసనము సందులో ఫోను జాఱిపడినచో మీరు ఆసనమును కదల్పకుడు, మమ్ము పిలువుడు అని పరిచారికలు చెప్పుటకు కారణమిదియే. ఆసనము నడుమ నలిగిన బ్యాటరీ చిన్న కుంపటివంటిది.

నడికట్టును గుఱించియు, గాలిముసుగును గుఱించియు క్లుప్తముగా చెప్పెదను. 2024 మే 21వ తేదీన లండనునుండి సింగపూరునకు పోవుచున్న విమానము గాలికుదుపులో చిక్కి ఐదు సెకనులైన గడువక ముందే 178 అడుగులు క్రిందికి పడెను. కట్టు లేనివారు పైకప్పునకు కొట్టుకొనిరి. ఒకరు మరణించిరి. ఆకాశము నిర్మలముగా నున్నప్పుడును కట్టు విప్పకుండుట మేలు. ఇక ముప్పదియైదువేల అడుగుల యెత్తున లోపలి గాలియొత్తిడి పోయినచో మనుష్యునికి తెలివి నిలుచునది అరనిమిషము మొదలు ఒక నిమిషము వఱకే. బిడ్డకంటె ముందు తల్లి తన ముసుగు ధరింపవలెననుట కఠినమైన మాట కాదు. తల్లి తెలివితప్పినచో బిడ్డకు ముసుగు పెట్టువా రెవరు?

ఇంతవఱకు చెప్పినది అగ్నివలనను గాలివలనను వచ్చు నపాయము. మనుష్యుని దుర్బుద్ధివలన వచ్చునది వేఱు. ఈ విషయమున భారతీయులు మఱవగూడని పేరు నీరజా భనోత్. 1986 సెప్టెంబరు 5వ తేదీన బొంబాయినుండి కరాచీ, ఫ్రాంక్‌ఫర్టుల మీదుగా న్యూయార్కు పోవలసిన పాన్ ఆమ్ 73వ నంబరు విమానము కరాచీలో నిలిచియుండగా నలుగురు సాయుధులు రక్షకభటుల వేషముతో లోపల ప్రవేశించిరి. ప్రధానపరిచారికయగు నీరజకు అప్పటికి ఇరువదిమూడేండ్లు నిండుటకు రెండు దినములు తక్కువ. ఆమె వెంటనే చోదకులకు సంకేతమిచ్చెను. వారు పైకప్పు కంతగుండ తప్పించుకొనిరి. చోదకులు లేని విమానమును దుండగులు ఎక్కడికిని తీసికొనిపోజాలరు గదా! పాస్‌పోర్టులు ప్రోగుచేయుమని దుండగు లాజ్ఞాపింపగా, అమెరికావారిని వెదకి చంపుదురని గ్రహించి, ఆమెయు తోడి పరిచారికలును అమెరికావారి పాస్‌పోర్టులను దాచివేసిరి. పదునేడు గంటలు గడచిన పిదప దీపము లారిపోయి దుండగులు కాల్పులు మొదలుపెట్టగా, ఆమె ద్వారము తెఱచి జనులను బయటికి పంపెను. తాను ముందు దుమికి బ్రదుకగలిగియు ఆ పని చేయలేదు. ముగ్గురు పిల్లలకు అడ్డుపడి గుండ్లదెబ్బలకు మరణించెను. భారతప్రభుత్వము ఆమెకు అశోకచక్రమును ప్రసాదించినది.

2001 సెప్టెంబరు 11వ తేదీన అమెరికాలో నాలుగు విమానములు అపహరింపబడినపుడు మొదటి వార్త నేలకు చేరినది పరిచారికల మూలముననే. బెట్టీ ఆంగ్, మేడ్‌లిన్ ఏమీ స్వీనీ అను నిద్దఱు విమానములోని టెలిఫోనునుండి తమ సంస్థవారితో మాటలాడి, దుండగు లే యే సంఖ్యగల యాసనములలో కూర్చుండిరో చెప్పిరి. పిమ్మట వారి పేర్లు కనుగొనుటకు ఆ సంఖ్యలే ఆధారమయ్యెను. ఆ దినమునకు పూర్వము విమానము నపహరించువారి మాట విని కాలయాపన చేయవలెనని సిబ్బందికి బోధించెడివారు. ఆ దినముతో ఆ బోధ మాఱిపోయెను. చోదకుల గది తలుపు గుండ్లు దూఱనిదిగా చేయబడి లోపల గడియ వేయబడుచున్నది. చోదకుడు బయటికి రావలసినపుడు పరిచారిక తోపుడుబండిని నడవకు అడ్డముగా నిలుపుట మనము చూచుచుందుము. ముందటి మరుగుదొడ్డి యొద్ద గుంపుగూడవద్దనుటయు నట్టిదే. అక్కడ నిలుచున్న నలుగురిలో ముగ్గురు వట్టి యమాయకులని ఆమెకు తెలియును. నాలుగవవాని సంగతి తెలియదు.

చిన్న నియమము పెద్ద కీడు నెట్లు పట్టుకొనునో చెప్పుట కొక యుదాహరణము. 2001 డిసెంబరు 22వ తేదీన పారిసునుండి మయామి పోవు విమానములో హెర్మిస్ మూటార్డియే అను పరిచారికకు కాలిన అగ్గిపుల్ల వాసన వచ్చెను. వెదకి చూడగా రిచర్డు రీడ్ అను వాడు అగ్గిపుల్ల గీయుచుండెను. విమానములో పొగ త్రాగరాదని చెప్పి ఆమె ముందునకు పోయెను. కొంతసేపటికి వాడు మరల వంగి కూర్చుండగా, మాట వినడాయెనని వచ్చి నిలదీసెను. వాని యొడిలో నున్నది సిగరెట్టు కాదు, పాదరక్ష. దానినుండి వత్తి వ్రేలాడుచున్నది. లోపల నున్నది పేలుడుమందు. వాడు ఆమెను త్రోసివేసెను. సాయము వచ్చిన మఱియొక పరిచారిక చేయి కఱచెను. అప్పుడు ప్రయాణికులు మీదపడి నడికట్లతోను, చేతికి దొరికిన తీగలతోను వానిని కట్టివేసిరి. టోకియో యొడంబడికలోని చివరి మాట ఇట్లు నెఱవేరెను. ఆమె బాంబును వెదకలేదు. పొగత్రాగరాదను నియమమును మాత్రమే రెండుసార్లు జ్ఞాపకము చేసినది.

పిల్లలకొక మాట. విమానములో బాంబను మాటను పరిహాసమునకైన పలుకరాదు. అది పరిహాసమో కాదో నిర్ణయించు తీరిక పరిచారికకు లేదు. 2024 అక్టోబరు మాసములో మన దేశపు విమానములు వందలకొలది బూటకపు బెదరింపులకు గుఱియయ్యెను. ప్రతిదానికిని తనిఖీ చేయవలసియే వచ్చెను.

ఇంత చెప్పినందున ఆజ్ఞలన్నియు వివేకముతో గూడినవేయని నా యభిప్రాయము కాదు. 2009 క్రిస్మసునాడు ఆంస్టర్‌డామునుండి డెట్రాయిటునకు పోవు విమానము దిగబోవుచుండగా ఒకడు లోదుస్తులలో దాచిన పేలుడుమందును అంటించెను. అది సరిగా పేలలేదు. ఒక ప్రయాణికుడు వానిపైకి దుమికెను. పరిచారికలు మంట నార్పిరి. దాని వెంటనే అమెరికా అధికారులు, ఆ దేశమునకు వచ్చు విమానములలో చివరి గంట యెవరును లేవగూడదనియు, ఒడిలో దుప్పటి గాని మఱేదియు గాని యుండగూడదనియు నియమము చేసిరి. ఆ దుండగుడు తన పని తుది గంటకు బదులు అంతకు ముందరి గంటలో చేసినచో ఈ నియమమేమి చేయును? చంటిబిడ్డల తల్లులు, వృద్ధులు, రోగులు ఏమి కావలెను? నియమము వ్రాసినవారు నేలపై నుండిరి. ఏడ్చు బిడ్డకు దుప్పటి తీసివేయుట మాత్రము పరిచారికల పాలయ్యెను. కొన్ని దినములలోనే ఆ నియమము సడలింపబడి, నాయకుని యిష్టమునకు విడువబడెను. అట్టి దినములలో ప్రయాణికుల కోపము న్యాయమైనదే గాని, అది చేరవలసిన చోటు పరిచారిక కాదు.

కొన్ని వేళల తప్పు సిబ్బంది యందే యుండును. 2006 నవంబరులో అమెరికాలోని మినియాపొలిస్ విమానాశ్రయమున ఆఱుగురు ముసల్మాను మతగురువులు విమాన మెక్కుటకు ముందు ప్రార్థన చేసిరి. ఒక ప్రయాణికుడు అనుమానించి చీటి వ్రాసి యిచ్చెను. వేర్వేఱు చోట్ల కూర్చుండిరనియు, నడికట్టు పొడిగింపులు అడిగిరనియు సిబ్బందియు శంకించిరి. ఆఱుగురును సంకెళ్లతో దింపబడిరి; ఏ నేరమును కానరాలేదు. వారు వ్యాజ్యము వేయగా 2009లో రాజీ జరిగెను. ప్రతిదినము ప్రార్థనతో బడి ప్రారంభించు మనము ఒక్క నిమిషము ఆ గురువుల స్థానమున నిలిచి చూడవచ్చును. పరిచారిక గమనింపవలసినది మనుష్యుడు చేయు పనిని. వాని గడ్డమును, తలపాగాను, భాషను, దైవమును కాదు. అగ్గిపుల్ల గీయుట పని. ప్రార్థన చేయుట అపాయకరమైన పని కాదు.

అట్లే రక్షణ కొఱకైన ఆజ్ఞ వేఱు, సంస్థవారి సౌకర్యము కొఱకైన ఆజ్ఞ వేఱు. 2017 ఏప్రిల్ 9వ తేదీన షికాగోలో ఒక విమానమునందు తమ యుద్యోగులకు నాలుగు స్థానములు కావలసి, కూర్చున్న ప్రయాణికులను దిగుమనిరి. దిగనన్న ఒక వృద్ధవైద్యుని విమానాశ్రయపు రక్షకులు నెత్తురు కాఱునట్లు ఈడ్చివేసిరి. అక్కడ మంట లేదు, బాంబు లేదు; లెక్క తప్పిన టిక్కెట్ల వ్యవహారము మాత్రమే. రక్షణకై యియ్యబడిన యధికారమును వర్తకమునకై వాడినచో, రేపు నిజముగా రక్షణకై చెప్పు మాటకును విలువ తగ్గును. పరిచారికలకు దీనికంటె హాని చేయునది వేఱొకటి లేదు.

మన దేశమున ఈ రెండు ప్రక్కలను సరిపుచ్చుటకు 2017లో పౌరవిమానయాన శాఖవారు ఒక క్రమము నేర్పఱచిరి. నోటితో దుర్భాషలాడువారికి మూడు నెలల వఱకును, చేయి చేసికొనువారికి ఆఱు నెలల వఱకును, ప్రాణాపాయము కలిగించువారికి రెండేండ్లకు తక్కువ కాకుండను విమానప్రయాణము నిషేధింపవచ్చునని అందు చెప్పబడెను. అయితే పరిచారిక కోపగించినంత మాత్రమున శిక్ష పడదు. నాయకుడు ఫిర్యాదు వ్రాయవలెను. పదవి విరమించిన జిల్లా న్యాయాధిపతి అధ్యక్షుడుగాను, వేఱొక విమానసంస్థ ప్రతినిధియు, ప్రయాణికుల పక్షమువారును సభ్యులుగాను ఉండు సంఘము ముప్పది దినములలో విచారించి నిర్ణయింపవలెనని ఆ 2017 నాటి క్రమమున నుండెను. దానిపైని అప్పీలునకును అవకాశ ముంచిరి. పై నుండగా మాట వినుట, దిగిన పిదప తేదీ, విమానపు సంఖ్య, జరిగిన సంగతి వ్రాసి ఫిర్యాదు చేయుట ప్రయాణికునికి తగిన పద్ధతి. గాలిలో వాదించి గెలిచినవాడు లేడు.

చివరగా మనవారి సంగతి. కరీంనగరు, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములనుండి గల్ఫుదేశములకు కూలిపనికై పోవు తెలుగువారిలో పెక్కురకు అదే మొదటి విమానప్రయాణము. ప్రకటనలు తఱచుగా ఇంగ్లీషులోను, హిందీలోను, అరబ్బీలోను జరుగును. వినబడిన మాట అర్థముగాక, చేతి సైగను మాత్రమే చూచి, తమ్ము కసరుచున్నారని వారు నొచ్చుకొందురు. ప్రక్కనున్న చదువుకొన్న తెలుగువాడు మెల్లగా ఒక్కమాట చెప్పినచో ఆ నొప్పి యుండదు. పరిచారికకును శ్రమ తగ్గును.

ఇట్టివారికి మిక్కిలి యవమానముగా తోచు నాజ్ఞ ఒకటి కలదు. ద్వారమునొద్ద వరుసలో కాళ్లు చాచుకొను చోటున్నదని సంతోషించి కూర్చున్న వానిని లేపి వేఱొకచోటికి పంపుదురు. వాని బట్టలు చూచి కాదు. ఆ వరుసలో కూర్చున్నవాడు ఆపత్సమయమున బరువైన తలుపును తానే తెఱవవలసి యుండును. కనుక పిల్లలు, వృద్ధులు, గర్భిణులు, చేతులలో బలము లేనివారు, సిబ్బంది చెప్పు భాష తెలియనివారు అక్కడ నుండరాదు. ఉండదగినవాని కెదుట పరిచారిక నిలిచి, తలుపుపిడి చూపి, తెఱచు విధము వివరించి, అట్లు చేయుటకు సమ్మతమా యని యడుగును. తల యూపిన చాలదు. పెక్కు విమానసంస్థలలో ఔనని నోటితో చెప్పినగాని ఆమె అక్కడనుండి కదలదు.